తీసిపెట్టిన పిడికెడు

పొయ్యి మీద ఎసరు పెట్టి, బియ్యం కొలిచి, అందులోంచి ఒక పిడికెడు తీసి పక్కనున్న డబ్బాలో వెయ్యకుండా మిగతాది కుండలో పొయ్యడం మా మిజో కొండల్లో ఏ ఆడదానికీ చేతకాదు. పొద్దున ఒక పిడికెడు, సాయంత్రం ఒక పిడికెడు. అది సంఘానిది. శనివారం శనివారం చర్చి ఆడవాళ్ళు గోనెసంచి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగి పోగుచేసుకుపోతారు. ఒకసారి డబ్బాలో పడ్డ గింజ మళ్ళీ కుండలోకి రాకూడదు. ఇంట్లో అంతా పస్తున్నా సరే, రాకూడదు. మా అత్త దర్‌ఖుమి వయసులో ఉన్నప్పట్నుంచీ ఆ గోనెసంచి మోసిన మనిషి. పక్షవాతం వచ్చి కుడిచెయ్యి వంకరపోయాక గానీ దాన్ని దించలేదు.

నేను సంఘంలోంచి బయటికొచ్చిన వానాకాలం మా వంటింట్లో ఒకటికి రెండు డబ్బాలు ఉండేవి.

ముందు సాంగ్లేయా సంగతి చెప్పేస్తాను, లేకపోతే అందరూ దాని గురించే ఆలోచిస్తారు. అతను సిల్చర్ నుంచి బియ్యం లారీ తోలేవాడు. మా ఆయన తాంగా పోయిన చాలా ఏళ్ళకి నాకు తారసపడ్డాడు. లారీ మా ఊరి మీదుగా పోయినప్పుడల్లా మా ఇంట్లో ఆగేవాడు, ఉండేవాడు, పోయేవాడు. అతనిది కేథలిక్ సంఘం, మాది ప్రెస్బిటేరియన్. పెళ్ళంటే ఇద్దరిలో ఒకరు మారాలి. ఒక దొడ్లోంచి ఇంకో దొడ్లోకి తోలడానికి నేనేం పశువునా అని నేను మారలేదు. అతన్ని మారమనీ అడగలేదు. మా అత్తకి అతనంటే గిట్టేది కాదు. తన కొడుకు కూచున్న పీట మీద కూచుంటాడని. అయినా అతను తెచ్చే ఎండుచేపలు మాత్రం ముళ్ళతో సహా తినేది.

జులైలో, మబ్బు ఊరి మీదకి దిగి ఎదురిల్లు కూడా కనపడని ఒక రోజున సప్లియానా వచ్చాడు. ఆయన ఉపా, అంటే సంఘపెద్ద. తాంగాకి స్నేహితుడు. తాంగా శవపేటికని మోసినవాళ్ళలో ముందు నడిచిన మనిషి. గొడుగు గుమ్మం దగ్గర ఆనించి, పొయ్యి పక్కన పీట మీద కూచున్నాడు. టీలో వేసుకోమని బెల్లం ముక్క చేతికిచ్చాను. మా అత్త మూల చాప మీద ఉంది, నోట్లో పొగాకు నీళ్ళు పట్టుకుని. మా ముసలాళ్ళందరికీ ఆ అలవాటుంది. ఆ నీళ్ళు నోట్లో ఉన్నంతసేపు మాట్లాడరు. మాట్లాడటం ఇష్టం లేనప్పుడు మా అత్తకి ఆ నీళ్ళ సీసా భలే అక్కరకొచ్చేది.

"కిమీ, నేనెందుకు వచ్చానో నీకు తెలియందేం కాదు," అన్నాడు సప్లియానా. "ఆదివారం లేచి నిలబడు. తప్పయింది, మన్నించండి అను. కొన్నాళ్ళు ప్రభువు బల్ల దగ్గర రొట్టె తీసుకోకు. క్రిస్మస్ దాటాక మళ్ళీ చేర్చుకుంటాం. అందరూ చేసేదే."

"తప్పయిందని నాకనిపించాలి గదా, పూ." పెద్దవాళ్ళని మేం పూ అంటాం, ఆడవాళ్ళయితే పీ.

"అనిపించకపోయినా అను. అనగా అనగా అదే అనిపిస్తుంది."

"అంటే చర్చిలో నిలబడి అబద్ధమాడమంటారా?"

ఆయన టీ తాగాడు. మంచివాడు. మంచివాళ్ళతో పోట్లాడటం కష్టం. చేతికి ఏమీ దొరకదు.

"మరి ఏం చేద్దామంటావు?"

"నా పేరు తీసెయ్యండి. నేను సంఘంలోంచి వెళ్ళిపోతున్నా."

"వెళ్ళడమేంటి కిమీ, అదేమన్నా సంతా? పొత్తిళ్ళలో ఉన్న నిన్ను మీ అమ్మ తెచ్చి సంఘానికిచ్చింది."

"అప్పుడు ఇచ్చింది మా అమ్మ. ఇప్పుడు తీసుకుంటోంది నేను."

"నీ మీద మాట వచ్చాక, మేం విచారించడం మొదలెట్టాక, పోతానంటే ఎట్లా? రేపు తాగుబోతుని పిలిచి అడిగితే వాడూ అదే అంటాడు. సంఘంలోంచి పంపడం మా చేతిలో ఉంది. పోవడం నీ చేతిలో లేదు."

"సరే, పంపించుకోండి. కానీ చర్చిలో ఏం చదువుతారు?"

"ఎందుకు తీసేశామో చదవాలి."

"అదే వద్దంటున్నా. 'రొకిమి తనంతట తానే సంఘం విడిచి వెళ్ళింది.' అంతే చదవండి. ఇంకొక్క ముక్క అడగను. నేను మీ మనిషిని కానప్పుడు నా ఇంట్లో ఎవరుంటే మీకెందుకు?"

"ఊళ్ళో ఎవరికి తెలీదు?"

"తెలిసింది వేరు. మీరు చదివింది వేరు."

చర్చి కమిటీకి చెప్తానని లేచాడు. ఆ చెప్తాననడంలోనే నాకు జవాబు తెలిసిపోయింది. ఆయన గొడుగు మబ్బులో కలిసిపోయాక మా అత్త పొగాకు నీళ్ళు కిటికీలోంచి బయటికి ఉమ్మింది.

"నువ్వు పోవడం తప్పు," అంది. "వాడితో ఉండటం కంటే పెద్ద తప్పు. వాణ్ణి రేపు మానుకోవచ్చు. ఇది మానుకోలేవు."

ఆ వారం సాంగ్లేయా లారీ వచ్చింది. సంగతి విని తల గోక్కున్నాడు. "పోనీ నేనే మీ దాంట్లో చేరతా. పాటలు ఒకటే గదా. మీ దగ్గర డోలు కొంచెం గట్టిగా కొడతారు, అంతేగా తేడా."

"ఇప్పుడు చేరితే నిన్ను కొడతా," అన్నాను. అతను చేరితే గొడవ సర్దుకునేదే. కానీ ఆ గొడవ ఇంక అతని గురించి కాదు. ఆ మాట అతనికి అర్థమయ్యేలా చెప్పలేకపోయాను. అతను మాత్రం అర్థమైనట్టు తలూపి, చేపల పొట్లం మా అత్త చాప పక్కన పెట్టి వెళ్ళిపోయాడు.

ఆదివారం చర్చికి వెళ్ళాను. ఇంట్లో దాక్కుని కూచోడం నా వల్ల కాదు. ఆడవాళ్ళ వైపు, కిటికీ పక్కన, ఎప్పుడూ కూచునే చోటే కూచున్నాను. నా పక్కన తువామి ఉంది. మా కింద ఇల్లు వాళ్ళది. ప్రకటనల దగ్గరికొచ్చేసరికి సప్లియానా కళ్ళజోడు పెట్టుకుని చదివాడు: "దివంగత తాంగా భార్య రొకిమి, వివాహం లేకుండా పరపురుషునితో జీవిస్తున్నందున, పశ్చాత్తాపపడనందున, సంఘం ఆమెను తొలగించింది."

అందరూ ఒక్కసారిగా పాటల పుస్తకాల్లో ఏదో వెతుక్కోవడం మొదలెట్టారు. పరపురుషుడు అన్నప్పుడు నేను తల దించలేదు. అది ఉన్న సంగతే. తొలగించింది అన్నప్పుడు మాత్రం నా చెవులు మండాయి. వాళ్ళు నన్ను తొలగించలేదు. నేను వెళ్ళాను. నా బతుకులో నేనొక్కదాన్నే, ఎవరూ చెప్పకుండా, చేసిన పని అది. పుట్టగానే నాకు అడక్కుండా బాప్తిస్మమిచ్చారు, పెళ్ళి పెద్దలు కుదిర్చారు, మొగుణ్ణి జ్వరం తీసుకుపోయింది. నా అంతట నేను చేసిన ఆ ఒక్క పనినీ వాళ్ళ పేర రాసుకున్నారు.

డోలు మోగింది. పాట ఎత్తుకున్నారు. నేనూ పాడాను. గొంతుని తొలగించడం ఎట్లాగో ఇంకా ఎవరికీ తెలీదు.

ఇంటికొచ్చాక మా అత్త అన్న మొదటి మాట, "బియ్యం పెట్టు." కొలిచాను. చెయ్యి దానంతటదే పిడికెడు తీసి డబ్బాలో వేసింది. ఇద్దరం డబ్బా వంక చూశాం.

శనివారం తువామి ఇంకో అమ్మాయితో గోనెసంచి పట్టుకుని వచ్చింది. అలవాటుగా డబ్బా ఎత్తి, మళ్ళీ దించేసింది. మొహం ఎర్రగా అయిపోయింది.

"కిమీ, తిట్టకే. పెద్దలు అన్నారు, నీ బియ్యం తీసుకోకూడదంట. పీది మాత్రం తీసుకోవచ్చంట."

"ఒకటే కుండ, ఒకటే పొయ్యి. ఏ గింజ ఎవరిదో నువ్వు చూసి చెప్తావా?"

"అదే నేనూ అడిగా. పీ తన చేత్తో తను వేస్తే తనదంట."

మా అత్త నోట్లో నీళ్ళున్నాయి. తన వంకర చెయ్యి ఒళ్ళో పెట్టుకుని దాని వంకే చూస్తోంది. ఆ వేళ్ళు ముడుచుకోవు, చాచుకోవు. తువామికి అది అప్పుడే తట్టినట్టుంది. డబ్బా అక్కడే వదిలేసి, కాళ్ళు తడబడుతూ మెట్లు దిగిపోయింది.

ఆ సాయంత్రం నుంచి రెండో డబ్బా వచ్చింది. నేను బియ్యం కొలిచి తట్ట దగ్గరికి జరిపితే, మా అత్త ఆ వంకర చేత్తోనే తీసేది. ఎడమచేత్తో తీస్తే ఏమవుతుందత్తా అంటే వినదు. దేవుడికి ఎడంచేత్తో పెడతారా అని కసిరేది. వేళ్ళ సందుల్లోంచి సగం రాలిపోయేవి. రాలినవి ఏరేది. ఏరినవి మళ్ళీ రాలేవి. అన్నానికి ఆలస్యమయ్యేది. నేను నా పిడికెడు నా డబ్బాలో వేసి, ఎసరు మరిగి మరిగి ఇంకిపోతుంటే కూచుని చూసేదాన్ని.

"నువ్వెందుకు వేస్తున్నావ్?" అంది ఒకరోజు. "నువ్వు వాళ్ళ మనిషివి కాదు గదా."

"దేవుడికి వేస్తున్నా."

"ఆయన వచ్చి పట్టుకుపోతాడా?"

"వాళ్ళు పట్టుకెళ్ళింది మటుకు ఆయన తిన్నాడా, అత్తా?"

నవ్వాపుకోడానికి పొగాకు సీసా అందుకుంది.

తర్వాతి శనివారం తువామి వచ్చి మా అత్త డబ్బా మీద చెయ్యి వెయ్యగానే, ఆవిడ కిటికీ వైపు తిరిగి నోట్లో నీళ్ళు ఉమ్మేసింది.

"అది ముట్టుకోకు. ఇవ్వను."

తువామి చెయ్యి అట్లాగే ఆగిపోయింది. నాదీ. ఊళ్ళో ఎవరు బియ్యం ఇవ్వకపోయినా వాళ్ళ గుమ్మంలో కూచుని వసూలు చేసిన మనిషి మా అత్త.

"అదేంటి పీ! నువ్వే ఇవ్వకపోతే..."

"చర్చిలో లేనిది ఉన్నట్టు చదివారు. దాన్ని సరిచెయ్యమను, ఇస్తా. అప్పటిదాకా ఇక్కడే ఉంటుంది. వెళ్ళి సప్లియానాకి చెప్పు."

వాళ్ళు వెళ్ళిపోయాక నేను అత్త ముందు చతికిలబడ్డాను. "నేను పోవడం తప్పన్నావు గదా?"

"తప్పే. ఇప్పుడూ తప్పే. ఎప్పుడడిగినా తప్పే అంటా."

"మరి?"

"ఆ తప్పు నువ్వు చేశావు. వాళ్ళు చెయ్యలేదు. నీ తప్పు నీకుండనీ."

ఆవిడ నన్ను అంతకంటే గౌరవించింది లేదు. ఆ రాత్రి అన్నంలో ఆవిడకి చేప పెద్దముక్క వేశాను, అంతకంటే ఏం చెయ్యాలో తెలియక.

వానలు తగ్గలేదు. సెప్టెంబరు చివర్లో కింద లోయ దగ్గర కొండ విరిగి రోడ్డు మీద పడింది. లారీలు ఆగిపోయాయి. సాంగ్లేయా లారీ కూడా అవతల ఎక్కడో ఇరుక్కుపోయింది. రేషను కొట్టు మూసేశారు. పొలాల్లో వరి ఇంకా పాలు పట్టే దశలోనే ఉంది. ఊరంతా ఎండు మొక్కజొన్నలు, చేమదుంపలు ఉడకేసుకుని తింటోంది. మా బియ్యం తట్ట అడుగు కనిపించింది. గోడ వార రెండు డబ్బాలు మాత్రం మూతలు పెట్టుకుని కూచున్నాయి. నాది గొంతుదాకా ఉంది. మా అత్తది సగానికి కాస్త పైన.

"అత్తా, కనీసం నాది వండనా? దాన్నెవరూ అడగట్లేదు గదా."

"తీసిపెట్టింది తీసిపెట్టిందే," అంది, చేమదుంప తోలు ఒలుచుకుంటూ. దంతాల్లేని నోరు. మొక్కజొన్న ఎంత ఉడికించినా ఆవిడకి దిగేది కాదు. రోజురోజుకీ చిక్కిపోతోంది. చాప మీద ఆవిడ పడుకున్న చోట మడత కూడా పడట్లేదు. నాకు భయమేసింది. నా మొండితనానికి ఈ ముసలిది పస్తుంటోందనిపించి, ఒక సాయంత్రం కాళ్ళ దగ్గర కూచుని, "ఆదివారం వెళ్ళి మన్నించమని అడుగుతాలే, అత్తా. డబ్బాలు ఇచ్చేద్దాం," అన్నాను.

"అట్లా అడిగితే ఈ ఇంట్లోంచి కూడా తొలగిస్తా," అంది.

సప్లియానా మళ్ళీ వచ్చాడు. చేతిలో గుమ్మడికాయ ఉంది, తన పొలంలోది. ముసలామె తినట్లేదని తువామి చెప్పి ఉంటుంది. మేం అప్పుడే దుంపలకి కూచున్నాం. ఆయన అదే పీట మీద కూచున్నాడు. మా ముందు ఆకుల్లో దుంపలు చూశాడు, డబ్బాలు చూశాడు. లేచి వెళ్ళి మూతలు ఎత్తాడు. ఒకటి, తర్వాత రెండోది. మళ్ళీ జాగ్రత్తగా మూసి వచ్చి కూచున్నాడు.

"పీ, ఇంత బియ్యం పెట్టుకుని..."

"అవి మావి కాదు, నాయనా."

"పోనీ నీది నువ్వు సంఘానికి ఇచ్చెయ్యి. ఇచ్చాక, నేను మా ఇంటి నుంచి తెస్తా, అది తిను."

"ఇస్తా. నువ్వు చదివింది మళ్ళీ చదువు."

"కమిటీ అంతా కలిసి..."

"కమిటీ ఈ పొయ్యి దగ్గర కూచోలేదు. నువ్వు కూచున్నావు, ఆ పీట మీదే. ఇది పోతానంది. పోవడం నీ చేతిలో లేదన్నావు. నా నోట్లో పొగాకు నీళ్ళున్నాయి గానీ చెవుల్లో లేవు. ఇది పోయింది. పోయాక నువ్వు నిలబడి, మేమే పంపించామని చదివావు. అవునా కాదా?"

ఆయన పొయ్యిలో కట్టె ఒకటి లోపలికి తోశాడు.

"నేను దీన్ని మెచ్చుకోమనట్లేదు. దీని మీద నాకే ఒళ్ళు మంట. కానీ నేను ఆ సంఘం మనిషిని. నా సంఘంలో లేనిది ఉన్నట్టు చదివితే నాకు మింగుడు పడట్లేదు. ఈ మొక్కజొన్నలాగే."

సప్లియానా లేచాడు. గుమ్మం దగ్గర గొడుగు తీసుకుంటూ నన్నడిగాడు, "ఆదివారం వస్తావా?"

"రాను, పూ. వస్తే మళ్ళీ మీ మనిషిననుకుంటారు."

తలూపాడు. మెట్లు దిగేటప్పుడు వెనక నుంచి చూస్తే ఆయన ఎంత ముసలివాడైపోయాడో అనిపించింది. తాంగా ఉంటే అంత ముసలివాడయ్యేవాడు.

ఆదివారం తువామి వచ్చి మా అత్తని నడిపించుకుపోయింది. నేను వాకిట్లో కూచుని గుమ్మడికాయ కోశాను. వాన వెలిసింది. పైనుంచి డోలు వినిపించింది. తర్వాత ఆగింది. ఆగినప్పుడే ప్రకటనలు. నేను కత్తి పట్టుకుని అట్లాగే కూచున్నాను. మళ్ళీ డోలు మొదలయ్యాక గానీ ముక్క తెగలేదు.

మా అత్త వచ్చింది. చాప మీద కూచుంది. నా వంక చూడకుండా సీసా అందుకుని నోటినిండా పొగాకు నీళ్ళు పుక్కిట పట్టింది. ఆవిడ గొంతు పిసికి చంపాలనిపించింది. ఎంతసేపటికో ఉమ్మింది.

"చదివాడు."

"ఏమని?"

"రొకిమి తనంతట తానే సంఘం విడిచి వెళ్ళింది, ముందు చదివినది పొరపాటు, అని."

"అంతేనా?"

"అంతే. తర్వాత ప్రార్థన చేశాడు. నీ కోసమనుకునేవ్. రోడ్డు కోసం."

నవ్వాను. నవ్వుతుండగానే ఏడుపొచ్చేసింది. గెలిచానని కాదు. పుట్టినప్పట్నుంచీ ఉన్న చోటులోంచి నేను నిజంగా వచ్చేశానని అప్పుడే తెలిసింది. అప్పటిదాకా గుమ్మంలో నిలబడి పోట్లాడుతున్నాను. ఆ మాట చదివాక తలుపు పడింది. ఇంక నేను చచ్చినా ఆ డోలు నా కోసం మోగదు. కావాలని అడిగి తెచ్చుకున్నదే. అయినా ఏడ్చాను. మా అత్త ఓదార్చలేదు. గుమ్మడి ముక్కలు తనే పొయ్యి దగ్గరికి జరుపుకుంది.

శనివారం తువామి మా అత్త డబ్బాని సంచిలో బోర్లించుకుంది. నా డబ్బా వంక ఒకసారి చూసి, నా వంక చూసి, నా చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది.

"ఇంక అది వండు," అంది మా అత్త.

"తీసిపెట్టింది గదా?"

"ఎవరి కోసం తీశావు? నువ్వు వాళ్ళ మనిషివి కాదని వాళ్ళే చదివారు. నీ బియ్యం నీది."

బియ్యానికి పురుగు పట్టింది. చెరిగి, కడిగి, మెత్తగా జావలా వండాను. ఆవిడ గిన్నెడు తిని, గిన్నె నాకింది. కొన్నాళ్ళకి రోడ్డు తెరిచారు. సాంగ్లేయా వచ్చి మిగిలిందాంట్లో సగం తిన్నాడు. ఎప్పుడూ కూచునే పీట మీదే కూచున్నాడు. మా అత్త ఆ పూట మొహం తిప్పుకోలేదు.

మర్నాడు సాయంత్రం ఎసరు పెట్టి, అతని లారీలో వచ్చిన కొత్త బియ్యం కొలిచాను. నా చెయ్యి మళ్ళీ తనంతటదే తట్టలోకి పోయి పిడికెడు తీసింది. డబ్బా వైపు పోతుంటే మా అత్త నా మణికట్టు పట్టుకుంది, ఎడమచేత్తో. గట్టిగా.

"నీది కుండలో పోసెయ్యి," అంది. కుడిచెయ్యి చాపింది. "నాది ఇందులో పెట్టు."

ఆ వంకర అరచేతిలో కాసిని గింజలు పోశాను. ఆవిడ వాటిని డబ్బాదాకా తీసుకెళ్ళింది. దారిలో సగం రాలాయి. ఈసారి ఆవిడ ఏరలేదు. నేనే వంగి ఒక్కొక్కటీ ఏరి కుండలో వేశాను. అవి మావి.